థర్మోకోల్, ఎండ, రెజిన్: అనంతపురం జిల్లాలో ఒక సర్ఫ్‌బోర్డుల కేసు

నేపథ్యం

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో సర్ఫ్‌బోర్డులు చేస్తున్నారంటే వినేవాళ్లకు నవ్వొస్తుంది. కానీ బోర్డుకు సముద్రం కావలసింది ఎక్కి ఆడేటప్పుడే. తయారీకి కావలసింది ఫోమ్, గ్లాస్ క్లాత్, రెజిన్ (పోశాక గట్టిపడే జిగురు ద్రవం), వాటి మీద చెయ్యి తిరిగిన మనుషులు. అలాంటి మనుషులు రాయలసీమలో తక్కువేం లేరు.

ఈ కేసులోని యూనిట్ హైవేకి దగ్గరగా ఉన్న ఒక చిన్న ఎఫ్‌ఆర్‌పీ (గ్లాస్ దారాలు, రెజిన్ కలిపి చేసే ప్లాస్టిక్) షెడ్డు. బాత్‌రూం తలుపులు, ట్యాంకు మూతలు, పార్కుల్లో పెట్టే జారుడుబల్లలు, వినాయక చవితి ముందు కొన్ని విగ్రహాలు ఇక్కడ తయారవుతాయి. యజమానికి పాలిస్టర్ రెజిన్‌తో ఇరవై ఏళ్లకు పైగా అనుభవం ఉంది. గ్లాస్ దారాల మ్యాట్ మీద రోలర్ తోసే చప్పుడు విని లోపల గాలి చిక్కిందో లేదో చెప్పగల మనిషి. నన్ను సలహాకు పిలిచింది ఆయనే. ఊరి పేరు, ఆయన పేరు, ఆర్డర్ ఇచ్చినవాళ్ల పేరు తీసేశాను. రాసినది ఆయన చదివి సరే అన్నాకే బయట పెడుతున్నాను.

ఆర్డర్ విశాఖ వైపు నుంచి వచ్చింది. తీరంలో కొత్తవాళ్లకు సర్ఫింగ్ నేర్పే ఒక చిన్న బృందానికి తొమ్మిది అడుగుల బోర్డులు కావాలి. నేర్చుకునేవాళ్ల బోర్డు కాబట్టి మందంగా, వెడల్పుగా, నీళ్లలో బాగా తేలేలా ఉండాలి. సుమారు 90 లీటర్ల ఘనపరిమాణం, బరువు 6 కిలోలు దాటకూడదు. యజమాని బావమరిది అటువైపు పనిచేస్తుండటంతో ఈ సంగతి ఇక్కడి దాకా వచ్చింది. "జారుడుబల్లలు చేసినోళ్లం, పలక చేయలేమా అన్నా" అన్నారు ఆయన నాతో తర్వాత. ఆ ధీమాలో తప్పేమీ లేదు.

నన్ను పిలిచేలోపు జరిగినవి

మొదటి బోర్డుకు డెకరేషన్ థర్మోకోల్ షీట్లు అతికించి పెద్ద దిమ్మెలా చేశారు. పెళ్లి మండపాల సెట్టింగులు వేసే కుర్రాడొకడు హాట్ వైరుతో దాన్ని ఆకారానికి కోశాడు. నేను చూసిన కోతల్లో అదొక మంచి కోత. రైలు (బోర్డు పక్క అంచు) వంపు రెండు వైపులా ఒకే తీరుగా వచ్చింది. దాని మీద మ్యాట్ పరిచి, రోజూ వాడే జీపీ (జనరల్ పర్పస్) పాలిస్టర్ రెజిన్ పోశారు. పోసిన చోటల్లా థర్మోకోల్ కరిగి గుంటలు పడిపోయింది.

కారణం సులువు. పాలిస్టర్ రెజిన్‌ను పలుచగా ఉంచేది, గట్టిపడేటప్పుడు దాని అణువుల గొలుసులను కలిపేది స్టైరీన్. రెజిన్ బరువులో అదే మూడో వంతు పైన ఉంటుంది. థర్మోకోల్ అంటే గాలి నింపిన పాలీస్టైరీన్. స్టైరీన్ తగిలితే పాలీస్టైరీన్ కరిగిపోతుంది. తలుపులు, ట్యాంకు మూతలు మౌల్డు మీద చేసేవి కాబట్టి ఇన్నేళ్లలో ఆయనకు ఈ సంగతి ఎదురుపడే అవసరమే రాలేదు.

రెండో ప్రయత్నంలో థర్మోకోల్‌కు తెల్ల జిగురు కలిపిన వాల్ పుట్టీ పూశారు. పొర ఆరాక పాలిస్టర్ వేశారు. ఈసారి బోర్డు నిలిచింది, చూడటానికీ బాగుంది. కానీ పుట్టీలో సూది మొనంత రంధ్రం ఉన్నా చాలు, స్టైరీన్ లోపలికి దిగుతుంది. పైకి కనపడకుండా లోపల డొల్లలు పడ్డాయి. రూపాయి బిళ్లతో కొట్టి చూస్తే కొన్నిచోట్ల టక్ మని, కొన్నిచోట్ల డబ్ మని వినిపించింది. పైగా చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ డెక్ (బోర్డు పైభాగం) మీద రెండు పొరలు, కింద ఒక పొర, వాటి మీద జెల్‌కోట్ (పాలిస్టర్ పై పూత). బరువు 10 కిలోలు దాటింది.

మూడోసారి ఆయన ఆలోచన సగం సరైన దారిలోకి వచ్చింది. తాడిపత్రి వైపు గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీల్లో రాతి పగుళ్లలోకి పలచటి ఎపాక్సీ (ఇంకో రకం రెజిన్) పోస్తారు, పలక వెనక గ్లాస్ నెట్ అతికిస్తారు. అక్కడ పనిచేసే బంధువు ఒకాయన, ఎపాక్సీకి థర్మోకోల్ కరగదని చెప్పి ఒక క్యాను తెచ్చిచ్చాడు. చెప్పింది నిజమే, ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. థర్మోకోల్ కరగలేదు. కానీ బోర్డు నిండా బుడగలు, అక్కడక్కడా జిడ్డు, రైలు దగ్గర మ్యాట్ తెల్లగా లేచి నిలబడింది. బకెట్‌లో మిగిలిన రెజిన్ పొగలు కక్కింది. గడువు దగ్గర పడుతోంది, టెన్షన్ పెరిగింది. అప్పుడు నాకు ఫోన్ వచ్చింది.

ముందు ఏం చూశాను

ఇలాంటి చోట అందరూ మొదట రెజిన్ డబ్బా మీది లేబుల్ చూస్తారు. నేను ముందు థర్మోకోల్ షీటును తూకం వేయించాను. మార్కెట్‌లో దొరికే షీటు ఒక మీటరు పొడవు, అర మీటరు వెడల్పు. 100 మిల్లీమీటర్ల మందం అయితే ఘనపరిమాణం 0.05 ఘనపు మీటర్లు. ఆయన దగ్గరున్నది 600 గ్రాములు తూగింది, అంటే ఘనపు మీటరుకు 12 కిలోల సాంద్రత. అట్టలు, పూల డిజైన్లు కోయడానికి అది చాలు. మనిషి మోకాలు ఆన్చి లేచే బోర్డుకు చాలదు. పైన ఎంత మంచి పెంకు వేసినా కింద ఆధారం లేకపోతే మడమ దిగిన చోటల్లా గుంట పడుతుంది.

తర్వాత షెడ్డు లోపలి వేడి. ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల కింద థర్మామీటరు 43 చూపించింది. ఈ అంకె మీద నేను ఎక్కువసేపు ఆలోచించాను. రెజిన్ కంపెనీలు కాగితం మీద రాసే పాట్ లైఫ్ (కలిపాక వాడుకోగలిగే సమయం) 25 డిగ్రీల దగ్గర కొలిచింది. వేడి పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే వేగం దాదాపు రెట్టింపవుతుందని మోటు లెక్క. అంటే అరగంట అని రాసి ఉన్న రెజిన్ ఈ షెడ్డులో పది నిమిషాలు కూడా ఆగదేమో. అదీ బకెట్‌లో ముద్దగా ఉంచితే ఇంకా తక్కువ, ఎందుకంటే తన వేడి తానే పెంచుకుంటుంది. పొగల సంగతి అక్కడే తేలిపోయింది.

చెడిపోయిన మూడో బోర్డును అడ్డంగా కోయించాను. తెల్లగా లేచిన మ్యాట్‌ను వేలితో గీకితే పొడి దారాలు ఊడి వచ్చాయి. తరిగిన దారాల మ్యాట్‌ను షీటులా పట్టి ఉంచేది ఒక జిగురు, దాన్ని బైండర్ అంటారు. పాలిస్టర్‌లోని స్టైరీన్ ఆ జిగురును కరిగిస్తుంది, అప్పుడే మ్యాట్ మెత్తబడి వంపుల మీద ఒదుగుతుంది. ఎపాక్సీలో ఆ పని చేసేది ఏదీ లేదు. బైండర్ అలాగే ఉండిపోతుంది, మ్యాట్ బిర్రుగా ఉండి రెజిన్ తాగదు. ఎఫ్‌ఆర్‌పీలో ఎంతో అనుభవమున్నవాళ్లు కూడా ఎపాక్సీకి మారినప్పుడు ఇక్కడే దెబ్బ తింటారు. తప్పు రెజిన్‌దే అనుకుని మళ్లీ పాలిస్టర్‌కు వెళ్లిపోతారు.

ఎదురుగా ఉన్న దారులు

యజమాని అడిగిన మొదటి మాట: "మనకు అలవాటైన రెజిన్ ఉండంగా ఇదెందుకన్నా? ఫోమే మార్చుకుందాం." అడగదగ్గ మాటే, ఎందుకంటే ప్రపంచమంతా దశాబ్దాలపాటు చేసింది అదే. 1950ల చివర్లో కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ బాల్సా చెక్క బదులు పాలియురేథేన్ ఫోమ్‌ను బోర్డుల్లోకి తెచ్చారు. పాలియురేథేన్‌ను స్టైరీన్ ఏమీ చేయలేదు, కాబట్టి చవకైన పాలిస్టర్‌తో జత బాగా కుదిరింది. తర్వాత క్లార్క్ పెట్టిన కంపెనీ అమెరికాలో బ్లాంకుల (బోర్డు చెక్కే ఫోమ్ దిమ్మెల) మార్కెట్‌లో అత్యధిక భాగం తన చేతిలో ఉంచుకుంది. 2005 డిసెంబర్ 5న అది ఉన్నట్టుండి మూతపడింది. సర్ఫింగ్ లోకం ఆ రోజును "బ్లాంక్ మండే" అంటుంది. ఫోమ్ దొరక్క థర్మోకోల్, ఎపాక్సీ జత వైపు చాలామంది చూసింది అప్పుడే. యజమాని ఫోన్‌లో చూసిన వీడియోల్లో సగం పాత జతవి, సగం కొత్త జతవి. ఆయన ఒకదాని నుంచి ఫోమ్ తీసుకున్నారు, ఇంకోదాని నుంచి రెజిన్.

పాలియురేథేన్ బ్లాంకులు బయటి నుంచి తెప్పించడం ఒక దారి. తొమ్మిది అడుగుల బ్లాంకు బరువు తక్కువైనా చోటు ఎక్కువ తింటుంది, కాబట్టి రవాణా ఖర్చు ఫోమ్ ధరను మించిపోతుంది. ఇంత చిన్న ఆర్డర్‌కు అది కుదరదు. కోల్డ్ స్టోరేజీ గోడల్లో పోసే పఫ్‌ను (అదీ పాలియురేథేన్ ఫోమే) ఇక్కడే పెట్టెలో పోసి దిమ్మె చేయవచ్చు కదా అని ఆయన అడిగారు. చేయవచ్చు, కానీ చేత్తో కలిపి పోసిన పఫ్‌లో ఒకచోట గట్టిగా, ఒకచోట గుల్లగా వస్తుంది. పైగా ఆ రకం పెళుసు, పదే పదే ఒత్తిడి పడితే పెంకు కింద పొడి అయిపోతుంది.

వినైల్ ఎస్టర్ రెజిన్ బలమైనది కదా అని ఒక రెజిన్ డీలరు చెప్పాడట. బలమైనదే, నీళ్లకూ బాగా ఆగుతుంది. దాంట్లోనూ స్టైరీనే. ఆ మాట అక్కడితో ముగిసింది.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసిన దారి మౌల్డు. ఈ యూనిట్‌కు మౌల్డు పని కొట్టిన పిండి. పై ముక్క, కింది ముక్క మౌల్డులో పాలిస్టర్‌తో తీసి అతికిస్తే ఫోమే అక్కరలేదు. కానీ లోపల డొల్లగా ఉన్న పెంకు మనిషి బరువుకు వంగకుండా ఉండాలంటే మందం పెంచాలి, అప్పుడు 6 కిలోల మాట మరిచిపోవాలి. అంతకన్నా పెద్ద సంగతి, అతుకు ఒక్కచోట విచ్చుకున్నా లోపల నీళ్లు నిండుతాయి. ఈత అంతంత మాత్రం వచ్చినవాళ్లు పట్టుకుని తేలే వస్తువు అది. ఫోమ్ ఉన్న బోర్డు పగిలినా తేలుతూనే ఉంటుంది. అందుకే మౌల్డు వద్దన్నాను.

మిగిలింది థర్మోకోల్, ఎపాక్సీ. అయితే ఆ థర్మోకోల్ కాదు, ఆ ఎపాక్సీ కాదు, ఆ మ్యాట్ అసలే కాదు.

మార్చినవి

ఇన్సులేషన్ కోసం దిమ్మెలు పోసే ఫ్యాక్టరీ నుంచి 28 కిలోల సాంద్రతవి, పూసలు ఒకదానికొకటి బాగా అతుక్కున్నవి తెప్పించాం. ఒక మూల విరిచి చూడాలి. విరిగిన చోట పూసలే రెండుగా చీలితే మంచి దిమ్మె. పూసలు గుండ్రంగా అలాగే ఊడి వస్తే వాటి మధ్య సందులున్నట్టు, ఆ సందుల్లో నీళ్లు నడుస్తాయి. నిలువునా మధ్యలో సన్నటి ప్లైవుడ్ స్ట్రింగర్ (బోర్డు వంగకుండా ఆపే పట్టీ) పెట్టాం. కోత మళ్లీ ఆ మండపాల కుర్రాడిదే.

మ్యాట్ బదులు చదరపు మీటరుకు 200 గ్రాముల నేత గ్లాస్ క్లాత్. డెక్ మీద రెండు పొరలు, కింద ఒకటి. క్లాత్ కొనేటప్పుడు దాని ఫినిష్ (దారాల మీది పూత) ఎపాక్సీకి పనికొస్తుందో లేదో అడిగి తీసుకోమన్నాను.

ఎపాక్సీలో నేను చూసింది మూడు. మొదటిది చిక్కదనం. గ్రానైట్ రెజిన్ సన్న పగుళ్లలోకి ఇంకడానికి చేసింది, నిలువు రైలు మీద ఆగకుండా కారిపోతుంది. మనకు క్లాత్‌ను తడిపేంత పలచన, రైలు మీద నిలిచేంత చిక్కదనం ఉన్న లామినేటింగ్ రకం కావాలి. రెండోది హార్డనర్ (ఎపాక్సీని గట్టిపరచడానికి కలిపేది) వేగం. ఈ జిల్లా ఎండకు స్లో హార్డనర్ తప్ప వేరే మాట లేదు. మూడోది వేడికి ఎంతవరకు ఆగుతుందనేది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ధర దగ్గర యజమాని ఆగిపోయారు. కిలో ఎపాక్సీ పాలిస్టర్‌కు మూడింతలు పలికింది. కూర్చుని లెక్క వేశాం. 450 గ్రాముల మ్యాట్ తన బరువుకు రెండింతల పైన రెజిన్ తాగుతుంది, చదరపు మీటరుకు కిలో పైనే. మూడు పొరలకు దాదాపు 5 కిలోలు, జెల్‌కోట్ మరో ఒకటిన్నర. నేత క్లాత్ తన బరువుకు సమానంగా తాగితే చాలు. బోర్డు మొత్తానికి క్లాత్ 900 గ్రాములు, దానికి రెజిన్ ఇంకో 900, పై పూతకు 600, బ్రష్షుల్లో, ట్రేలో పోయేది అర కిలో. మొత్తం రెండు కిలోలు. రెజిన్ బిల్లు రెండు వైపులా ఇంచుమించు ఒకటే అయింది. కిలో ధర చూసి రెజిన్ ఎంచుకునే అలవాటు మన దగ్గర బాగా ఉంది. బోర్డుకు ఎంత పడుతుందో అడిగేవాళ్లు తక్కువ.

కలపడం దగ్గర పాత అలవాటు ఒకటి బలంగా అడ్డొచ్చింది. పాలిస్టర్‌లో క్యాటలిస్ట్ (గట్టిపడటం మొదలుపెట్టించేది) 1 నుంచి 2 శాతం మధ్య ఎండను బట్టి తగ్గించి పెంచి వేస్తారు. చలికాలం కొంచెం ఎక్కువ, మే నెలలో కొంచెం తక్కువ. ఎపాక్సీ హార్డనర్ అలాంటిది కాదు. అది రెజిన్‌తో లెక్క ప్రకారం కలిసి అందులో భాగమైపోయేది. ఎక్కువైతే ఎక్కువది మిగిలి జిడ్డుగా ఉంటుంది, తక్కువైతే రెజిన్ మిగులుతుంది. వేగం మార్చాలంటే హార్డనర్ రకమే మార్చాలి, కలిపే పాళ్లు మార్చకూడదు. అందుకని మగ్గు తీసేసి కిరాణా కొట్టు డిజిటల్ కాటా పెట్టించాను. కలిపిన వెంటనే వెడల్పాటి ట్రేలో పలచగా పోయమన్నాను, బకెట్‌లో ఉంచొద్దన్నాను. పాలిస్టర్‌కు వాడే కోబాల్ట్ (గట్టిపడే వేగం పెంచేది), క్యాటలిస్ట్ డబ్బాలను ఎపాక్సీ బల్ల దగ్గర ఉంచనివ్వలేదు. ఆ రెండూ నేరుగా కలిస్తే ఎంత ప్రమాదమో ఆ షెడ్డులో అందరికీ తెలుసు. కానీ కొత్త డబ్బాలు చేరినప్పుడే చేతులు తికమకపడతాయి. ఇంకొకటి, నైట్రైల్ గ్లవ్స్. ఎపాక్సీ హార్డనర్ పదే పదే చర్మానికి తగిలితే కొందరికి జీవితాంతం ఉండే ఎలర్జీ పట్టుకుంటుంది. పాలిస్టర్‌కు వాసన ఘాటు కాబట్టి జాగ్రత్తపడతారు. దీనికి పెద్దగా వాసన ఉండదు కాబట్టి లెక్క చేయరు.

అయినా బుడగలు వచ్చాయి

కొత్త సరుకుతో మొదటి బోర్డు వేసిన రోజు నేను అక్కడ లేను. పొద్దు వాలాక మొదలుపెట్టమని చెప్పి వచ్చాను. వాళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టారు. మేస్త్రీ చెప్పిన కారణం: "పొద్దున్నే అయితే సల్లగుంటుంది గదన్నా, రెజిన్ తొందరగా పట్టదు." ఈ సీమలో ఎండాకాలం ఏ పనైనా అలాగే చేస్తారు, పొలమైనా, గోడకట్టుడైనా. పాలిస్టర్‌కైతే ఆ లెక్క సరిపోతుంది కూడా. బోర్డు మాత్రం ఆరింటి దాకా అద్దంలా ఉండి, ఎనిమిదింటికి డెక్ నిండా గింజల్లాంటి బుడగలు లేచాయి.

థర్మోకోల్ దిమ్మెలో 97 శాతం గాలే. 90 లీటర్ల బోర్డు అంటే దాదాపు 87 లీటర్ల గాలి. వేడి 28 నుంచి 43 డిగ్రీలకు ఎక్కితే గాలి సుమారు 5 శాతం వ్యాకోచిస్తుంది, అంటే నాలుగు లీటర్ల పైన. అదంతా బయటికి రాదు. చాలావరకు పూసల లోపలే ఒత్తిడిగా ఉండిపోతుంది. పైగా థర్మోకోల్ లోపలికి వేడి నెమ్మదిగా వెళ్తుంది. కానీ పై పొరలో, పూసల సందుల్లో ఉన్న గాలికి దారి ఉంది. తెల్లవారుజామున వేసిన రెజిన్ సరిగ్గా చిక్కబడే వేళకు ఎండ ఎక్కుతుంది, గాలి బయటికి నెడుతుంది. తడి రెజిన్ అయితే బుడగ పగిలి మళ్లీ కలిసిపోయేది, ఇప్పుడు కలవదు. స్లో హార్డనర్ పెట్టడంతో ఆ వేళ ఇంకా ఎండలోకి జరిగింది.

చల్లటి వేళ వెతకడం కాదు, చల్లబడుతున్న వేళ వెతకాలి. షెడ్డులో పగలంతా బ్లాంకును వేడెక్కనిచ్చి, రాత్రి ఎనిమిది తర్వాత తలుపులు తెరిచి, కూలర్ ఉన్న గదిలోకి తెచ్చి అప్పుడు రెజిన్ వేయాలి. వేడి దిగేకొద్దీ గాలి కుంచించుకుపోయి రెజిన్‌ను తనవైపు లాక్కుంటుంది. బుడగలు పోవడమే కాదు, పట్టు కూడా బాగా కుదురుతుంది. వేడి పెరిగేటప్పుడు మనకు ఎదురు తిరిగే గాలే దిగేటప్పుడు మన పని చేసిపెడుతుంది.

మేస్త్రీకి ఇది మాటల్లో నచ్చలేదు. ఒకే దిమ్మె నుంచి రెండు చిన్న ముక్కలు కోసి, ఒకటి రాత్రి, ఒకటి తెల్లవారి అదే రెజిన్‌తో చేయించాం. రెండూ పక్కపక్కన పెట్టాక వాదన అక్కరలేకపోయింది. అప్పటి నుంచి లామినేషన్ (క్లాత్ పరిచి రెజిన్ వేయడం) రాత్రి పని అయింది, సాండింగ్ పగటి పని అయింది. ఇద్దరు కుర్రాళ్లు రాత్రి డ్యూటీకి ఎక్కువ కూలి అడిగారు, ఇచ్చారు.

క్లాత్ తడిపిన పొర వేలికి అంటుకుంటూ, కానీ వేలి మీదికి రాకుండా ఉన్నప్పుడే పై పూత వేస్తే రెండూ రసాయనికంగా కలుస్తాయి, మధ్యలో సాండింగ్ తప్పుతుంది. వానాకాలం రాత్రుల్లో ఎపాక్సీ మీద సన్నటి మైనం లాంటి పొర ఏర్పడవచ్చు. అప్పుడు తర్వాతి పూతకు ముందు నీళ్లతో, స్క్రబ్బర్‌తో కడగాలి. వేసవిలో మాకు ఆ బాధ రాలేదు.

ఎండలో మెత్తబడటం

ఇక మూడో విషయం. గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ చేతికి రాయిలా తగులుతుంది. కానీ చాలా రకాలు 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడతాయి. తీరంలో ఇసుక మీద, జీపు టాప్ మీద బోర్డు ఆ వేడికి సులువుగా చేరుతుంది. అంత దూరం ఎందుకు, ఇక్కడి నుంచి విశాఖకు వెళ్లే లారీలోనే చేరుతుంది. పాలిస్టర్‌తో పనిచేసినవాళ్లకు ఈ ఆలోచనే రాదు, గట్టిపడిందంటే గట్టిపడినట్టే అనుకుంటారు.

దీనికి మందు పోస్ట్ క్యూర్. ఒక రోజు మామూలుగా ఆరనిచ్చి, తర్వాత కొన్ని గంటలు 45, 50 డిగ్రీల వేడిలో ఉంచితే ఎపాక్సీ మెత్తబడే హద్దు పైకి జరుగుతుంది. చల్లటి దేశాల్లో ఇందుకు ప్రత్యేకంగా వేడి గదులు కడతారు. మాకు రేకుల షెడ్డు ఉంది. ఇన్నాళ్లూ తిట్టుకున్న వేడి ఇక్కడ ఉచితంగా పనికొచ్చింది. షెడ్డు వెనక మూలలో స్టాండు వేసి, థర్మామీటరు వేలాడదీసి, బోర్డులను వంగకుండా పడుకోబెట్టారు. హద్దు 50. దాన్ని మించితే తలుపు తీయాలి, ఎందుకంటే 80కి చేరేలోపే థర్మోకోల్ ఆకారం కదలడం మొదలవుతుంది.

పెంకు మూసుకున్నాక లోపలి గాలికి దారి లేదు కాబట్టి వెంట్ ప్లగ్ పెట్టాం. డెక్ మీద చిన్న రంధ్రం, దానికి స్క్రూ మూత. పోస్ట్ క్యూర్‌లో, రవాణాలో తెరిచి ఉండాలి, నీళ్లలో దిగేముందు బిగించాలి. మూత మరిచిపోతే నీళ్లు లోపలికి పోతాయి కాబట్టి ఆర్డర్ ఇచ్చినవాళ్లు మొదట ఇష్టపడలేదు. గాలిని బయటికి పంపి నీళ్లను ఆపే పొర ఉన్న ప్లగ్గులు కూడా ఉన్నాయి. ఖర్చు చూసి వాళ్లు స్క్రూకే ఒప్పుకున్నారు.

రంగు మీద చిన్న గొడవ అయింది. వాళ్ల లోగో నలుపు, ఎరుపు. డెక్ మొత్తం నల్లగా కావాలన్నారు. ఎండలో నల్ల డెక్ ఎంత వేడెక్కుతుందో చెప్పడం కన్నా చూపించడం మేలని, తెల్ల ముక్క, నల్ల ముక్క మధ్యాహ్నం బయట పెట్టి చెయ్యి ఆనించిన వీడియో పంపాం. లోగో చిన్నదైంది, బోర్డు తెల్లగా మిగిలింది. ఎపాక్సీ ఎండకు పసుపెక్కుతుంది. పైన రక్షణ కోసం యజమాని తన జెల్‌కోట్ వేద్దామన్నారు. ఎపాక్సీ మీద పాలిస్టర్ జెల్‌కోట్ సరిగా పట్టదు. కార్ల పెయింటింగ్ షాపులో వాడే టూ-కె (రెండు భాగాలు కలిపి వేసే) పాలియురేథేన్ పెయింటు, క్లియర్ కోటు వేయించాం. అది ఊళ్లోనే దొరికింది, వేసే మనిషీ దొరికాడు.

ఏమైంది, ఏం మిగిలింది

చివరి బోర్డులు 5 కిలోలకు కాస్త పైన తూగాయి. రూపాయి బిళ్ల ఎక్కడ కొట్టినా ఒకే చప్పుడు. ఒక సీజన్ వాడాక డెక్ మీద మడమ ఆనే చోట కొన్నింటికి లోతు తక్కువ గుంటలు పడ్డాయని చెప్పారు. నేర్చుకునేవాళ్ల బోర్డుకు అది మామూలే, కానీ తర్వాతి ఆర్డర్‌లో అక్కడ మాత్రం ఇంకో చిన్న పొర క్లాత్ చేర్చాం. బరువు పెద్దగా పెరగలేదు.

ఇలాంటి పని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను వేసే ప్రశ్నల వరుస మారింది. లోపల ఏ ఫోమ్? అది తేలితే రెజిన్ కుటుంబం తేలిపోతుంది. ఆ రెజిన్‌కు సరిపడే గ్లాస్ ఏది? షెడ్డులో ఏ వేళకు ఎంత వేడి, అది ఎక్కుతోందా దిగుతోందా? వస్తువు వాడే చోట ఎంత వేడి? రెజిన్ బ్రాండు, ధర ఆ తర్వాతే. బలం గురించి అందరూ అడుగుతారు. ఈ కేసులో చెడిపోయిన బోర్డుల్లో ఒక్కటి కూడా రెజిన్ బలం చాలక చెడిపోలేదు.

పాలిస్టర్ పనికిరాదని చెప్పడం నా ఉద్దేశం కాదు. రేపు ఎవరైనా పాలియురేథేన్ బ్లాంకులు తెచ్చిస్తే ఈ యూనిట్‌కు పాలిస్టరే సరైనది. తొందరగా పడుతుంది, నున్నగా సాండింగ్ అవుతుంది, చెయ్యి ఎలాగూ తిరిగే ఉంది. అప్పుడు కూడా తలుపులకు వాడే జీపీ రకం కాకుండా, కోబాల్ట్ ఛాయ లేని, ఎండకు పసుపెక్కకుండా స్టెబిలైజర్ కలిపిన పలచటి రకం కావాలి. క్లాత్ పొరకు వ్యాక్స్ లేని రెజిన్, పై పూతకు వ్యాక్స్ కలిపిన రెజిన్. వ్యాక్స్ పైకి తేలి గాలి తగలకుండా చేస్తేనే పాలిస్టర్ పైపొర జిడ్డు లేకుండా ఆరుతుంది.

మేము ఊహించని ఇబ్బంది రిపేర్ల దగ్గర వచ్చింది. ఒక బోర్డు ముక్కు రాయికి తగిలి పగిలితే, అక్కడ పడవలు బాగుచేసే ఒకాయన మంచి మనసుతో తన దగ్గరున్న పాలిస్టర్ పోసి మూసేశాడు. అరచెయ్యంత థర్మోకోల్ లోపల కరిగిపోయింది. ఇప్పుడు ప్రతి బోర్డు తోక దగ్గర, క్లియర్ కోటు కింద, "లోపల థర్మోకోల్. రిపేరుకు ఎపాక్సీ మాత్రమే" అని తెలుగులో రాసి పంపుతున్నారు. పగిలిన చోటు పూర్తిగా ఆరాకే పూడ్చాలని ఇంకో లైను చేర్చమన్నాను. ఆర్డర్‌తో పాటు అర కిలో ఎపాక్సీ, ఒక మీటరు క్లాత్, చిన్న కాటా ఉన్న డబ్బా కూడా వెళ్తోంది. దాని ధర బిల్లులోనే వేస్తున్నారు.